సూది మందు వేసిన పశువు – ఆపవలసిన పాలు

గేదెకు జబ్బు చేసిందంటే ఇంటిల్లిపాదికీ దిగులే. మేత ముట్టక, నెమరు వేయక, పొదుగు గట్టిపడి నిలబడిన పశువును చూస్తూ ఊరుకునే రైతు ఎవరూ ఉండరు. డాక్టరు గారు వచ్చి సూది వేస్తారు. ఒకటి రెండు రోజుల్లో జ్వరం తగ్గుతుంది, పశువు కుడితి తాగుతుంది, పాలు మళ్లీ చేపుతుంది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు.

అయితే పశువు తేరుకున్నంత మాత్రాన మన పని పూర్తి కాలేదు. సూదితో ఎక్కించిన యాంటీబయాటిక్ మందు ఇంకా పశువు ఒంట్లో ఉంటుంది, పాలలో దిగుతూ ఉంటుంది. ఆ మందు పోయేవరకు ఆ పాలు సంఘం క్యానులో పడకూడదు. ఈ ఒక్క విషయం ప్రతి సభ్యుని ఇంటికీ చేరాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం. దానితోపాటు సూది మందును పశువుకు హాని లేకుండా వాడే పద్ధతిని కూడా వివరిస్తున్నాము.

ఏ జబ్బుకు పనిచేస్తుంది, దేనికి పనిచేయదు

యాంటీబయాటిక్ అంటే బాక్టీరియా అనే సూక్ష్మజీవులను చంపే మందు, లేదా వాటిని పెరగనీయని మందు. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ ఒక బూజులో పెనిసిలిన్‌ను గుర్తించటంతో ఈ మందుల చరిత్ర మొదలైంది. టెట్రాసైక్లిన్ మందులలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో లోకానికి తెలిసింది. అది బయటపడిన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు అధిపతి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే. నేడు మన పశువులకు తరచుగా వేసే ఆక్సీటెట్రాసైక్లిన్ ఆ కుటుంబానికి చెందిన మందే.

పొదుగువాపు, గొంతువాపు, జబ్బవాపు, ఈనిన తర్వాత గర్భాశయంలో చీము పట్టటం వంటివి బాక్టీరియా వల్ల వస్తాయి కాబట్టి వాటికి ఈ మందులు పనిచేస్తాయి. గాలికుంటు, ముద్దచర్మ వ్యాధి వైరస్ వల్ల వస్తాయి. వైరస్‌ను ఈ మందులు చంపలేవు. అటువంటి జబ్బులో పుండ్లకు చీము పట్టినప్పుడు మాత్రం డాక్టరు యాంటీబయాటిక్ వేయవచ్చు. ఈనిన వెంటనే పశువు పడిపోయే పాలజ్వరం రక్తంలో కాల్షియం తగ్గటం వల్ల వచ్చేది. దానికి జ్వరమనే పేరే గాని నిజానికి జ్వరం ఉండదు, యాంటీబయాటిక్‌తో పని లేదు. కనుక “పక్క ఇంటి గేదెకు ఈ సూదితోనే తగ్గింది” అని అదే మందు మన గేదెకు వేయించటం చీకట్లో రాయి వేయటమే.

ఈ మందులు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడనివి. పశువుల మందు సీసా మీద పశువు తల బొమ్మ, జంతువుల చికిత్సకు మాత్రమే అన్న మాట ఉంటాయి. దగ్గరలో ఆసుపత్రి లేని ఊళ్లవారు 1962 నంబరుకు ఫోను చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలిపించుకోవచ్చు.

డాక్టరును అడగవలసిన ఐదు మాటలు

డాక్టరు గారు వచ్చినప్పుడు మొహమాటపడకుండా ఈ ఐదు సంగతులు అడిగి ఒక కాగితం మీద రాయించుకోండి.

1. జబ్బు ఏమిటి, మందు పేరేమిటి?
2. ఎంత మోతాదు, ఎక్కడ వేయాలి, కండకా, నరానికా, చర్మం కిందికా?
3. ఎన్ని రోజులు, ఎన్ని గంటలకొకసారి?
4. చివరి సూది తర్వాత పాలు ఎన్ని గంటలు ఆపాలి?
5. గుణం కనిపించకపోతే మళ్లీ ఎప్పుడు కబురు చేయాలి?

మనం కూడా ఆయనకు రెండు విషయాలు దాచకుండా చెప్పాలి. పశువు చూడితో ఉన్నదా, అంతకు ముందు ఎవరైనా ఏదైనా సూది వేశారా? లోగడ ఏ మందుకైనా పశువుకు దద్దుర్లు, ఆయాసం వచ్చి ఉంటే అది మొదటే చెప్పాలి.

మోతాదు తగ్గితే జబ్బు ముదురుతుంది

మోతాదు పశువు బరువును బట్టి ఉంటుంది. కాటా లేకపోయినా టేపుతో బరువు అంచనా కట్టవచ్చు. ముందు కాళ్ల వెనుక ఛాతీ చుట్టుకొలత, భుజం మొన నుండి తుంటి ఎముక చివరి వరకు పొడవు, రెండూ అంగుళాలలో కొలవండి. చుట్టుకొలతను చుట్టుకొలతతో, ఆ వచ్చినదాన్ని పొడవుతో హెచ్చవేసి 660తో భాగిస్తే బరువు కిలోలలో సుమారుగా వస్తుంది. చుట్టుకొలత 70, పొడవు 55 అంగుళాలు ఉన్న గేదె దాదాపు 408 కిలోలు ఉంటుంది.

ఎక్కువ కాలం పనిచేసే ఆక్సీటెట్రాసైక్లిన్ ఒక మిల్లీలీటరులో 200 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. కిలో బరువుకు 20 మిల్లీగ్రాముల చొప్పున 400 కిలోల పశువుకు 40 మిల్లీలీటర్లు పడుతుంది. కంటి అంచనాతో 250 కిలోలనుకుంటే 25 మిల్లీలీటర్లతో సరిపెడతాము. అదే పేరుతో మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాములే ఉన్న సీసా కూడా దొరుకుతుంది. సీసా మారినప్పుడు పాత కొలతే వేస్తే నాలుగో వంతు మందే అందుతుంది. ఈ లెక్క విషయం అర్థం కావటానికి చెప్పినదే. మీ పశువుకు ఎంత అన్నది డాక్టరు నిర్ణయించవలసినది.

తక్కువ మందు వేసినా, మూడు రోజులు వేయమంటే ఒక రోజుతో ఆపినా బలహీనమైన సూక్ష్మజీవులు చచ్చి మొండివి మిగులుతాయి. అవే పెరిగి మరుసటి ఈతకు పొదుగువాపు తిరగబెట్టినప్పుడు ఆ మందుకు లొంగవు. తక్కువ మోతాదు వల్ల ఈ ముప్పు వస్తుందని ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమతి అందుకున్నప్పుడే హెచ్చరించాడు. పశువుల మందులు, మనుషుల మందులు చాలావరకు ఒకే కుటుంబాలవి. పశువుల కొట్టంలో మందుకు లొంగని సూక్ష్మజీవి పుడితే అది ఇంట్లోకి రాదన్న భరోసా లేదు. ఆసుపత్రులలో ఆఖరి ఆసరాగా ఉంచుకున్న కొలిస్టిన్ మందును పశుపోషణలో వాడకుండా 2019లో మన దేశంలో నిషేధించింది ఇందుకే.

సూది వేసేటప్పుడు

సూది వేసేది పశువైద్య సిబ్బందే అయినా పశువు మనది కనుక ఈ జాగ్రత్తలు మనకు తెలిసి ఉండాలి.

పశువును ట్రెవిస్‌లో గాని, గట్టి గుంజకు గాని కదలకుండా కట్టాలి. పెనుగులాడే పశువుకు సూది విరగవచ్చు, మందు తప్పుచోట పడవచ్చు.

సీసా మీద గడువు తేదీ చూడాలి. అడుగున పేరుకునే మందును బాగా కదిలించి తీయాలి. పొడి మందులో చెప్పిన కొలత ప్రకారం శుభ్రమైన ఇంజెక్షన్ నీరే కలపాలి, కుండలో నీరు కలపకూడదు. రెండు మందులను ఒకే సిరంజిలో కలపకూడదు. ముఖ్యంగా టెట్రాసైక్లిన్, కాల్షియం కలిస్తే పొసగవు.

కండకు వేసే సూదికి మెడ పక్క భాగం మంచిది. భుజానికి ముందు, మెడ ఎముకకు పైన, మెడ మీది గట్టి పట్టీకి కింద మూడు మూలలుగా ఉండే చోటు అది. తుంటి మీద వేస్తే కాలికి పోయే పెద్ద నరానికి దెబ్బ తగిలి పశువు కుంటవచ్చు. చర్మం మీద పేడ, బురద లేకుండా తుడిచి సూది గుచ్చాలి. గుచ్చాక సిరంజి కాడను కొంచెం వెనుకకు లాగి చూడాలి. రక్తం వస్తే సూది రక్తనాళంలో ఉన్నట్టు, అప్పుడు తీసి వేరే చోట గుచ్చాలి. ప్రొకెయిన్ పెనిసిలిన్ వంటి తెల్లటి చిక్కని మందు పొరపాటున రక్తనాళంలోకి పోతే పశువు అక్కడికక్కడే కూలిపోవచ్చు. పెద్ద మోతాదును ఒకే చోట కుక్కకుండా చోటుకు 10 మిల్లీలీటర్లకు మించకుండా పంచి వేస్తే వాపు, గడ్డ రావు.

సూది వేసిన తర్వాత అరగంట పశువును కనిపెట్టి ఉండాలి. కనురెప్పలు వాచినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా, ఆయాసపడి తూలినా వెంటనే డాక్టరును పిలవాలి. ఇటువంటి సమయంలో ఎడ్రినలిన్ సూది ప్రాణం కాపాడుతుంది. కనుక డాక్టరు ఉండగానే మొదటి సూది పడటం మేలు.

ఒక పశువుకు వాడిన సూదిని ఇంకొక పశువుకు వాడకూడదు. రక్తంలో ఉండే జబ్బులు సూది మొన మీదే ప్రయాణం చేస్తాయి. వాడిన సూదులను మూత ఉన్న గట్టి డబ్బాలో వేసి ఆసుపత్రికి అప్పగించాలి. పెంటకుప్ప మీద పారేస్తే అవి మేతతోపాటు పశువు కడుపులోకి పోతాయి, అక్కడి నుండి గుండెకు గుచ్చుకుంటాయి. జబ్బు తగ్గించటానికి తెచ్చిన సూదే మరో పశువును చంపిందనిపించుకోకూడదు.

మెడకు వేసిన మందు పాలలోకి ఎట్లా వస్తుంది

“సూది మెడకు వేశారు, పొదుగు బాగానే ఉంది, పాలకేమి?” అని చాలామంది అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. పొదుగులో పాలు తయారయ్యేది రక్తం నుండి. ఒక లీటరు పాలు తయారు కావటానికి సుమారు 400 నుండి 500 లీటర్ల రక్తం పొదుగు గుండా ప్రవహించాలి. మెడ కండలో వేసిన మందు రక్తంలో కలుస్తుంది, రక్తంతోపాటు నాలుగు చన్నులకూ చేరుతుంది. అందువల్ల ఒక చన్ను పాలు పారబోసి మిగతా మూడింటి పాలు పోయటం కుదరదు.

కాచినంత మాత్రాన పెనిసిలిన్ వంటి మందు పోదు. చల్లబరచినా పోదు. నీళ్లలాగా ఉన్న పాలను కంటితో గుర్తించవచ్చు గాని మందు కలిసిన పాలకు రంగు, రుచి, వెన్న శాతం ఏమీ మారవు. ఎక్కువ మందు ఉన్న పాలు సరిగా తోడుకోవు, ఎందుకంటే తోడులోని మేలు చేసే సూక్ష్మజీవులను కూడా ఆ మందు చంపుతుంది. అయితే పెరుగు తోడుకున్నంత మాత్రాన మందు లేదనుకోకూడదు. కొద్దిపాటి మందు పరీక్షకు దొరుకుతుంది గాని తోడుకు దొరకకపోవచ్చు.

ఆ కొద్దిపాటి అంటే ఎంతో చూడండి. అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణం ప్రకారం కిలో పాలలో పెనిసిలిన్ 4 మైక్రోగ్రాములకు మించకూడదు. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు. లక్ష యూనిట్ల పెనిసిలిన్ బరువు 60 మిల్లీగ్రాములు, చిటికెడు కూడా కాదు. అది అంతా పాలలో కలిస్తే 15,000 కిలోల పాలను ఆ హద్దు దాకా తీసుకుపోతుంది. వేసిన మందంతా పాలలోకి రాదు, నిజమే. కాని హద్దు ఎంత చిన్నదో దీన్నిబట్టి తెలుస్తుంది.

మీరు పోసిన 4 లీటర్లు 2,000 లీటర్ల కూలరులో కలిస్తే 500 వంతులు పలచబడతాయి. మీ పాలలో హద్దుకు 500 రెట్లు మించి మందు ఉంటే కూలరంతా హద్దు దాటినట్టే. పొదుగులోకి నేరుగా ఎక్కించే ట్యూబు మందు వాడిన తొలి పూటలలో అంత మందు ఉండటం వింత కాదు. అటువంటి కూలరు పాలను ట్యాంకరులో కలిపితే నష్టం నాలుగూళ్ల సంఘాలకు పాకుతుంది.

ఆ పాలు తాగేవారిలో పసిపిల్లలు ఉంటారు, పెనిసిలిన్ పడని మనుషులు ఉంటారు. పడనివారికి కొద్దిపాటి మందుతోనే దద్దుర్లు, ఆయాసం రావచ్చు. 2018లో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ దేశమంతటా 6,432 పాల నమూనాలు పరీక్షించగా 77 నమూనాలలో యాంటీబయాటిక్ హద్దు దాటి కనిపించింది. సంఖ్య చిన్నదే. కాని ఆ 77 నమూనాలు కూడా ఏదో ఒక కొట్టం నుండి వచ్చినవే.

పాలు ఆపే గడువు – లెక్క

మందు పాల నుండి పోవటానికి పట్టే సమయం ఒక్కొక్క మందుకు ఒక్కొక్క రకంగా ఉంటుంది. సీసా లేదా పెట్టె మీద ఆ గడువు అచ్చువేసి ఉంటుంది. ఔషధాల నియమాలకు 2012లో చేసిన సవరణ ప్రకారం గడువు నిర్ణయించి చెప్పని మందుకు పాల విషయంలో 7 రోజులకు తగ్గకూడదు. కనుక గడువు కనపడకపోతే, సీసా పారేసి ఉంటే, మందు పేరు తెలియకపోతే డాక్టరును అడగండి. ఆయన దొరకకపోతే కనీసం 7 రోజులు ఆపండి.

గడువును మొదటి సూది నుండి లెక్క పెట్టకూడదు, చివరి సూది నుండి లెక్క పెట్టాలి. చికిత్స జరిగే రోజుల పాలు కూడా పోయకూడదు.

ఒక ఉదాహరణ చూద్దాం. గేదెకు శనివారం, ఆదివారం, సోమవారం సాయంత్రం 6 గంటలకు, పాలు పితికిన తర్వాత, సూదులు పడ్డాయి. మందు గడువు 96 గంటలు. సోమవారం 6 గంటల నుండి 96 గంటలంటే శుక్రవారం సాయంత్రం 6 గంటలు. శుక్రవారం 5 గంటలకు పితికిన పాలు ఇంకా గడువులోనివే. శనివారం ఉదయం పాలు సంఘానికి పోయవచ్చు. ఆదివారం ఉదయం నుండి శుక్రవారం సాయంత్రం వరకు 12 పూటల పాలు ఆపాలి. పూటకు 4 లీటర్లయితే 48 లీటర్లు.

పాలు ఆపిన రోజులలో కూడా రెండు పూటలా పూర్తిగా పితకాలి, లేకపోతే పొదుగు మళ్లీ వాస్తుంది. ఆ పాలు ఇంట్లో వాడకూడదు, హోటలుకు అమ్మకూడదు. బావికి, చెరువుకు దూరంగా గుంట తీసి పోయాలి. దూడను చేపుకు వదిలినా కడుపు నిండా ఆ పాలు తాగించకుండా వేరే పశువు పాలు పట్టటం మంచిది. మందు కలిసిన పాలతో పెరిగే దూడ పేగుల్లో కూడా మొండి సూక్ష్మజీవులు తయారవుతాయి.

ఇంట్లోనూ, సంఘంలోనూ ఏర్పాటు

48 లీటర్లు చిన్న నష్టమని మేము అనము. ఒక్క గేదె మీద సంసారం నడిచే ఇంట్లో ఆరు రోజుల పాలంటే పాల బిల్లులో సగానికి దగ్గర. డాక్టరు, మందుల ఖర్చు దానికి అదనం. అందుకే పోస్తే ఏమవుతుందిలే అన్న ఆలోచన వస్తుంది. ఆ ఆలోచన రాకుండా చేయటం ఒక్క సభ్యుని వల్ల కాదు, సంఘం తోడు ఉండాలి.

ఇంట్లో సూది వేయించేది ఒకరు, పాలు పితికేది ఒకరు, కేంద్రానికి తెచ్చేది ఇంకొకరు. మాట చేరక పొరపాటు జరుగుతుంది. కనుక సూది పడగానే పశువు మెడకు ఎర్ర గుడ్డ కట్టండి. గడువు ముగిసే రోజు, గంట కొట్టం గోడ మీద సుద్దతో రాయండి. ఆ పశువును చివర పితకండి, ఆ గిన్నెను వేరుగా ఉంచి కడగండి.

సంఘ కేంద్రంలో ఒక చికిత్స పుస్తకం పెట్టుకోవలసిందిగా కార్యదర్శులకు మనవి. అందులో సభ్యుని నంబరు, పశువు చెవి పోగు నంబరు, మందు పేరు, చివరి సూది పడిన తేదీ, గంట, పాలు మళ్లీ పోసే తేదీ ఉంటే చాలు. నిజం చెప్పిన సభ్యుని పేరు పదిమందిలో కేకవేసి చెప్పకండి. రెండు పశువులున్న సభ్యుడు ఆరోగ్యంగా ఉన్న పశువు పాలు తెస్తే అనుమానించి తిప్పి పంపకండి. పాలు పోసిన రోజుల లెక్కతో బోనసు, ఓటు హక్కు ముడిపడి ఉన్న సంఘాలలో, పుస్తకంలో నమోదైన ఆ రోజులను ఏ విధంగా పరిగణించాలో పాలకవర్గం ఉపవిధులకు లోబడి చర్చించి తీర్మానించుకోవాలి. చెప్పినవాడికి నష్టం, దాచినవాడికి లాభం వచ్చే పద్ధతి ఉన్నంతకాలం ఎన్ని పాఠాలు రాసినా ఫలితం ఉండదు.

సూది అవసరమే రాకుండా

పాలు ఆపవలసిన రోజులు తగ్గాలంటే పొదుగువాపు తగ్గాలి. పితికే ముందు చేతులు, పొదుగు కడిగి పొడి గుడ్డతో తుడవాలి. తొలి ధారలను నల్లటి గిన్నెలో పితికి తెల్ల ముక్కలు, నీరు కనిపిస్తాయేమో చూడాలి. బొటనవేలు మడిచి పితకటం మానాలి, నిండు పిడికిలితో పితకాలి. పితికాక చనుమొనలను డాక్టరు చెప్పిన అయోడిన్ ద్రావణంలో ముంచాలి. అప్పుడు చనుమొన రంధ్రం తెరుచుకొని ఉంటుంది కనుక ముందు మేత వేసి అరగంటసేపు పశువు పడుకోకుండా చూడాలి. గొంతువాపు, జబ్బవాపు, గాలికుంటు టీకాలు వేళకు వేయించాలి. టీకాకు అయ్యే ఖర్చు సూదికి అయ్యే ఖర్చు ముందు లెక్కలోనిది కాదు.

జబ్బు పశువుకు సూది వేయించటం మన ధర్మం. ఆ సూది మందు దిగిపోయేవరకు పాలు ఆపటం కూడా అందులో భాగమే. ఈ వ్యాసాన్ని వచ్చే సభ్యుల సమావేశంలో చదివించి, చికిత్స పుస్తకాన్ని ఆ రోజే ప్రారంభించవలసిందిగా సంఘాలన్నిటినీ కోరుతున్నాము.